అడకత్తెరలో ఈకచేప

1957 ఆగస్టు 30, శుక్రవారం. మధ్యాహ్నం, సముద్రపు పోటు తీసే వేళ. మలయాలో బాగన్ దాతుక్ దగ్గరి కొబ్బరి ఎస్టేటు, సముద్రం వైపు నీటి గేటు.

ఉన్నవారు: ఎస్టేటు మేనేజరు దొర. గేటు చూసే మలయ్ పెద్దాయన, ఆయన్ను అందరం పక్ చిక్ అనేవాళ్లం. మా నాన్న, ఎస్టేటులో కంగాణి, అంటే కూలీల మీద పెద్ద. మా అత్త, నాన్నకు స్వయానా చెల్లెలు. నేను, అప్పటికి ఎస్టేటు ఆఫీసులో చిన్న కిరాణిని, అంటే గుమాస్తాను.

ఏం జరిగినా ముందు తేదీ, తర్వాత అక్కడున్నది ఎవరెవరో రాయడం ఆ ఆఫీసు నాకు నేర్పిన అలవాటు. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఆ రోజు డైరీలో ఈ జాబితా కింద ఒకే వాక్యం ఉంది: "అత్త ఈకచేప నీళ్లలో ఈదింది." చదివితే మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ అర్థం కాదు. మా మనవలకు తెలుగు వినబడుతుంది గానీ పలకదు. అందుకని ఆ వాక్యాన్ని విప్పి రాస్తున్నాను.

ముందు దొర సంగతి చెప్పాలి. ఆయనది స్కాట్లండు. అక్కడి చల్లటి సెలయేళ్లలో ట్రౌట్ అనే చేపను పట్టడం ఆయన కుటుంబంలో తాతల నాటి సరదా. ఎర గుచ్చరు. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు దారంతో కట్టి, దాన్ని పురుగని చేపను నమ్మిస్తారు. కానీ ముదిరిన పెద్ద ట్రౌట్‌కు పురుగులు ఆనవు, అది చిన్న చేపల్నే తింటుంది. అలాంటి దానికి కొక్కెం పొడవునా పొడుగాటి ఈకలు కట్టి చిన్న చేప వేషం వేస్తారు. దాన్ని స్ట్రీమర్ అనేవాడు దొర. నీళ్లలో లాగితే ఈకలు దగ్గరకు ముడుచుకుంటాయి, ఆపితే విచ్చుకుంటాయి. ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుందని చెప్పేవాడు.

మా దగ్గర ట్రౌట్ లేదు. మాకున్నది సియాకాప్, మన కోస్తాలో పండుగప్ప అంటారట. ఎస్టేటు కాలవల నీరు సముద్రపు వాగులోకి దిగే చోట చెక్క తలుపున్న గేటు ఒకటి ఉండేది. సముద్రం వెనక్కు తగ్గేటప్పుడు పక్ చిక్ తలుపు పైకెత్తేవాడు. తేనీటి రంగు నీళ్లు బుసకొడుతూ బయటికి దూకేవి. వాటితో కొట్టుకొచ్చే రొయ్యల కోసం, చిన్న చేపల కోసం సియాకాప్ నురగ అంచున కాచుకుని ఉండేది. దొర తన ట్రౌట్ కర్రను అక్కడికి తీసుకెళ్లేవాడు.

ఒక రోజు ఆయన ఆఫీసులోకి వచ్చి రేకుడబ్బా నా బల్ల మీద తెరిచి పెట్టాడు. లోపల స్ట్రీమర్లన్నీ బోడి కొక్కేలు. మా చెమ్మకు ఈకలు కొన్ని బూజు పట్టగా, మిగిలినవి పురుగు తినేసింది. మూలన ఒక్కటి మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

"మీ లైన్లలో వేళ్లు చురుకైన మనిషి ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

నాకు మా అత్త తప్ప ఇంకెవరూ తట్టలేదు.

కూలీల ఇళ్ల వరుసలను మేము లైన్లు అంటాం. మా లైన్ల రాముడి గుడికి పూలు కట్టేది అత్తే. అరటినార ఒక కొస కాలి బొటనవేలికి చుట్టి, రెండో కొస ఎడమ చేతి వేళ్ల మధ్య బిగించి, కుడి చేత్తో పూలు అందుకుంటూ ముడులు వేసుకుంటూ పోయేది. చూపు మాత్రం వీధిలో ఎవరు ఎక్కడికి పోతున్నారో చూస్తూ ఉండేది. నోరు వాళ్ల మీద వ్యాఖ్యానం చేస్తూ ఉండేది. చూడని ఆ వేళ్ల కింద మాల మూరలు మూరలుగా పెరిగేది. ఒక్క పువ్వు వంకరగా ఉండేది కాదు. ఆ పనితనం నేను తర్వాత పట్నాల్లో పూల అంగళ్ల దగ్గర చాలా వెతికాను, దొరకలేదు.

తను కట్టిన పూలు తను పెట్టుకునేది కాదు. జపాన్ వాళ్ల కాలంలో సయాం రైలు పనికని లారీల్లో ఎక్కించుకుపోయిన వాళ్లలో మా మావయ్య ఉన్నాడు. యుద్ధం అయిపోయాక కొందరు తిరిగి వచ్చారు. ఆయన రాలేదు, కబురూ రాలేదు. పెద్దలు కొన్నేళ్లు చూసి, కూర్చుని తేల్చి, గాజులు తీయించారు. అత్త మా ఇంటికి వచ్చేసింది.

ఆ మిగిలిన స్ట్రీమర్ పట్టుకెళ్లి చూపించాను.

"ఏటిరా ఇది? సచ్చిన పిట్టా?"

"సేప, అత్తా."

"సేపా? పొలుసు నేదు, తోక నేదు."

దొర చెప్పిందంతా చెప్పాను. అటూ ఇటూ తిప్పి చూసింది. చూపుడువేలితో ఈకల్ని వెనక్కి దువ్వి వదిలింది. మళ్లీ దువ్వింది.

"అయితే సేపని మోసం సెయ్యడానికి ఈక సేప ఏసం కట్టినాదన్నమాట. సరి లా. మన ఈదిబాగోతంలో మీసాలోడు సత్యభామ కట్టినట్టే."

మాట చివర ఆ 'లా' మాకు మలయ్ వాళ్ల దగ్గర అబ్బింది. ఆ పూట నుంచి దానికి మా ఇంట్లో ఈకచేప అనే పేరు స్థిరపడింది.

కొక్కేన్ని కదలకుండా పట్టుకోవడానికి దొర దగ్గర ఇనుప పట్టు ఉండేది. అత్త దాన్ని అక్కర్లేదంది. తన అడకత్తెర నోట్లో కొక్కేన్ని ఇరికించి, పిడులు గుడ్డతో బిగించి కట్టి, దాన్ని పీట కిందికి తొక్కిపెట్టింది. అడకత్తెరలో పోకచెక్క అని కష్టంలో ఉన్నవాణ్ణి అంటాం. మా ఇంట్లో ఆ చోటు కొక్కేనిది. వక్కలు కత్తిరించాల్సి వచ్చినప్పుడల్లా నాన్న అడకత్తెర కోసం ఇల్లంతా వెతికి విసుక్కునేవారు.

ఈకలు ఎంచడమే పెద్ద పని. కోడి తోక ఈకలు బిరుసు, నీళ్లలో కర్రల్లా నిలబడతాయి. రెక్క ఈకలు ఒక పక్కకు వంగి కొక్కేన్ని గిరగిరా తిప్పేస్తాయి. మెడ మీది సన్నటి పొడుగాటి ఈకలే పనికొస్తాయి. అవీ ఎడమ పక్కవి కొన్ని, కుడి పక్కవి కొన్ని జతలుగా ఉండాలి, నమస్కారం పెట్టినప్పుడు అరచేతులు కలిసినట్టు వంపులు ఒకదానికొకటి ఆనాలి. నీళ్ల గిన్నెలో వేసి, గరిటె కాడతో కదుపుతూ ఇవన్నీ అత్త తనే కనిపెట్టింది. తెల్ల ఈకలు కావాలని దొర అడిగాడు. లైన్లలో తెల్లటి కోడిపుంజు ఒక్కటే ఉంది. అది అమ్మోరికి మొక్కిన పుంజు.

నాన్న గుడి పెద్ద కూడాను. సాయంత్రం పనినుంచి వచ్చి చూస్తే పుంజు మెడ చుట్టూ పలచబడి, అవమానం పడినట్టు కంచె పక్కన నిలబడి ఉంది.

"ఒలే! మొక్కుకోడి ఈకలు పీకినావేటే!"

"అమ్మోరికి కోడి గావాల. ఈకలు గావాలని ఎప్పుడన్నాదేటి?"

"మైల కాదేటి?"

"కోసినాక ఈకలు ఎవులు తింతన్నారు అన్నియా? కుక్కలు పట్టుకుపోతన్నాయి. అమ్మోరినడిగే పీకినాను. కాదన్నేదు."

"అమ్మోరు నీతో మాటాడినాదా?"

"నీతో మాటాడినాదా, వద్దని?"

నాన్న తుండు దులిపి భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయారు. అత్తతో వాదనలన్నీ ఆయన అలాగే ముగించేవారు.

పసుపు నీళ్లలో ఉడికిస్తే తెల్ల ఈకలు బంగారు రంగుకు వచ్చాయి. గొంతు దగ్గర కాస్త ఎరుపు ఉండాలని దొర చెప్పాడు, దెబ్బ తిన్న చేప మొప్పల దగ్గర ఎర్రబడుతుందట. అత్త పసుపులో సున్నం కలిపి పారాణి చేసి అందులో ముంచింది. పెళ్లికూతుళ్ల పాదాలకు పెట్టే రంగు కొక్కేనికి పెట్టింది. నీళ్లలో నానితే ఆ ఎరుపు మెల్లగా మళ్లీ పసుపుకు తిరిగేది. చేపలు దాన్నేమీ తప్పుపట్టలేదు.

తప్పు ఇంకోచోట జరిగింది. అత్త మొదట కట్టిన రెండు ఈకచేపలు చూడముచ్చటగా ఉన్నాయి. దొర వాటిని గేటు దగ్గర విసిరాడు. మొదటి దాన్ని చేప కొట్టిన దెబ్బకు ఈకలన్నీ ఊడి, బోడి కొక్కెం తిరిగి వచ్చింది. రెండోదీ అంతే. ఆ సంగతి నేను ఇంటికి వచ్చి చెప్తే అత్త ముందు నవ్వింది.

"సేప ఈకలు తినీసి ఇనుము ఒగ్గీసిందా? గడుసుదే."

తర్వాత నవ్వలేదు. బోడి కొక్కేన్ని చేతిలో పెట్టుకుని ముడి జారిన చోటును వేలితో తడిమింది. ఆమె ముడి ఊడడం ఆమె జీవితంలో అదే మొదలు.

"అరటినారతో కట్టినాను కదా," అంది చివరికి. "పూలు కట్టినప్పుడు నారని తడిపి కడతాం. మెత్తగా ఉంటాది, పువ్వు తెగదు. పూలమాల పొద్దున కడితే సందేలకి తీసీసేదే. ఇది నీల్లల్లో బతకాల. నాను దేవుడి మెడకి కట్టినాను, సేప నోటికి కట్టనేదు."

పక్ చిక్‌కు కబురు పెట్టింది. ఆయన హుటాన్ మెలింటాంగ్ నుంచి వలలు అల్లే నూలుదారం తెచ్చి ఇచ్చాడు. మడచెట్టు బెరడు ఉడికించిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన దారం అది, తడిస్తే ఇంకా బిగిసేది. పడవల సందుల్లో పూసే డామర్ జిగురు కూడా కొబ్బరిచిప్పలో తెచ్చాడు. అత్త ముడి మారలేదు, దారం మారింది. చివరి చుట్టు మీద చీపురుపుల్లతో ఒక్క బొట్టు జిగురు. ఆ తర్వాత దొర పట్టిన చేపలు చిన్నవీ మధ్యరకానివీ చాలా ఉన్నాయి. ఒక్క ఈకచేపా ఊడలేదు.

కానీ అత్త ఇవేవీ చూడలేదు. అది ఎమర్జెన్సీ, అడవుల్లోని కమ్యూనిస్టుల మీద తెల్లవాళ్ల ప్రభుత్వం యుద్ధం చేస్తున్న కాలం. లైన్ల చుట్టూ ముళ్లకంచె. సాయంత్రం గేటు మూశాక బయట కాలు పెట్టడానికి లేదు. పొద్దున పనికి వెళ్లేటప్పుడు అన్నం మూట పట్టుకెళ్లకూడదు, అడవిలో ఉన్నవాళ్లకు చేరుతుందని. మనుషుల్ని తడిమి తడిమి బయటికి పంపేవాళ్లు. నీటి గేటు కంచెకు చాలా బయట ఉండేది. పక్ చిక్, దొర, ఆయన వెంట తుపాకులతో నడిచే కాపలావాళ్లు తప్ప అటు ఎవరూ పోరాదు. ఇంటి పనుల మధ్య తీరిక చూసుకుని అత్త కట్టి ఇచ్చేది, నేను ఆఫీసుకు తీసుకెళ్లేవాణ్ణి, దొర విసిరేవాడు. చేప పడిందో లేదో నేను తిరిగొచ్చి చెప్పాలి.

"ఎలగ ఈదినాది?" అని అడిగేది. చేప ఎంతుందని ఎప్పుడూ అడిగేది కాదు.

"నాను సూడనేదు అత్తా, దొర సెప్పినాడు."

"దొరకి కల్లున్నాయి గానీ సెప్పడం రాదు."

మెర్దెకా, అంటే దేశానికి స్వాతంత్ర్యం, దగ్గర పడ్డాక మా వైపు గొడవలు తగ్గాయి, కంచె పీకేశారు. అయినా అత్త గేటు వైపు వెళ్లలేదు. ఇప్పుడు అడ్డం ముళ్లతీగ కాదు. గేటు పక్క వాగులోంచే మనవాళ్లు సెలవు పూట పడవలు వేసుకుని చేపలకు పోయేవాళ్లు. గాజుల్లేని ఆడది ఎదురైతే వల ఖాళీగా వస్తుందని వాళ్లకు గట్టి నమ్మకం. మా నాన్నకు ఇంకా గట్టి నమ్మకం. ఆయన పట్నం బయల్దేరితే మా అమ్మ నీళ్ల బిందెతో ఎదురు రావాల్సిందే. నాన్న చెప్పుల చప్పుడు వినబడగానే అత్త తనంతట తనే వంటింట్లోకి వెళ్లిపోయి, ఆయన మలుపు తిరిగేదాకా బయటికి వచ్చేది కాదు. దాని గురించి ఎవరూ ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. అన్నం వండినట్టు, గిన్నెలు కడిగినట్టు అదొక ఇంటిపని.

దొర ఉద్యోగం వదిలి స్వదేశం వెళ్లిపోతున్నాడని తెలిసింది. ప్రయాణం ఆగస్టు ముప్ఫై ఒకటి పొద్దున. కర్ర ఆయనతో పోతుంది. ఆ సంగతి నేను చెప్పిన రోజు అత్త చేతిలోని పని కింద పెట్టింది.

"ఇన్నాల్లు కట్టినాను. ఒక్కటంటే ఒక్కటి నీల్లల్లో ఎలగ ఉంటాదో సూడనేదు. నాను ఇసరాల. దొరకి సెప్పు."

దొరకు చెప్పాను. ఆయన అప్పటికే పెట్టెలో పెట్టేసిన కర్రను మళ్లీ బయటికి తీశాడు.

నాన్నకు చెప్పడం కష్టమైంది. ఆయన కోప్పడలేదు. చాలా మెల్లగా మాట్లాడారు, అదే నన్ను కంగారు పెట్టింది.

"సెల్లీ, సేప పడితే మంచిదే. పడకపోతే? ఇంక దొర ఎల్లిపోతాడు, మల్లీ ఇసరడానికి ఉండదు. ఆ గేటుకాడ ఆ పెద్ద సేప ఇన్నేల్లుగా ఎవులికీ పడనేదు. అది పడకపోడానికి నువ్వే కారనం అనేస్తారు. రేపటినించి పడవోల్లు ఏటి పోగొట్టుకున్నా నీ పేరే ఎత్తుతారు. అప్పుడు నాను ఏటి సెయ్యగల్ను?"

"ఇప్పుడు అనడం నేదేటి?"

"ఇప్పుడు సాటున అంటన్నారు."

"మొకం మీద అంటే నాకూ సెప్పడానికి ఈలుంటాది," అంది అత్త.

ఆ పెద్ద చేపను పక్ చిక్ తోక్ అనేవాడు, తాత అని అర్థం. గేటు దిగువన పాత గుంజల నీడలో ఉండేది. దొర కర్రకు రెండుసార్లు తగిలి, రెండుసార్లూ తెంపుకుపోయింది.

శుక్రవారం కాబట్టి పక్ చిక్ నమాజు నుంచి తిరిగి వచ్చాకే తలుపు ఎత్తాడు. మర్నాటి పండగకు ఆఫీసు సగం పూటే. దొర కర్ర పట్టుకుని ముందు, అత్త చీర కుచ్చిళ్లు దోపుకుని వెనక, ఆమె వెనక నేను. నాన్న ఇంకా వెనక, గొడుగు వేసుకుని, మాతో సంబంధం లేనట్టు నడిచి వచ్చారు. కొబ్బరిచెట్టు కింద నిలబడి గేటుకు వీపు తిప్పారు.

"నువ్వూ వచ్చినావేటి అన్నియా?" అంది అత్త.

"సూడ్డానికి రానేదు. వానొస్తే తడుస్తావని గొడుగు తెచ్చినాను."

ఆకాశంలో మబ్బు తునక లేదు.

దొర రెండుమూడుసార్లు విసిరి చూపించాడు. తాడు వెనక్కి వెళ్లి గాలిలో పూర్తిగా చాచుకునేదాకా ఆగాలని, అప్పుడే ముందుకు తోయాలని తన ఎస్టేటు తమిళంలో చెప్పాడు. అత్త కర్ర అందుకుంది. వెనక్కి విసిరింది, ఆగింది, ముందుకు తోసింది. ముందుకు ఏమీ రాలేదు. కొబ్బరిచెట్టు కింద నాన్న గొడుగు ఎగిరి కింద పడింది.

"సూసినావా!" నాన్న అరిచారు. "మొట్టమొదటి శకునం నాకే!"

"అన్నియా, సేప పడినాది! సిన్నది లా, ఒగ్గీస్తన్నాను!"

పక్ చిక్ గేటు పలక మీద కూర్చుండిపోయి తొడలు చరుచుకున్నాడు. దొర నవ్వు ఆపుకోలేక గేటు కమ్మీ పట్టుకున్నాడు. గొడుగు గుడ్డలోంచి కొక్కేన్ని నేను తీశాను. నాన్న చిరుగు వైపు చూసుకుని మళ్లీ వీపు తిప్పారు గానీ, ఈసారి పూర్తిగా తిప్పలేదు.

రెండోసారి అత్త విసరలేదు. ఇంత దూరం నీరే తీసుకుపోతూ ఉంటే చెయ్యెందుకు నొప్పెట్టుకోవాలని అడిగింది. ఈకచేపను గేటు కిందుగా నీళ్లలో వదిలి, తాడు కొంచెం కొంచెం ఇస్తూ పోయింది. ప్రవాహం దాన్ని నురగ అంచుదాకా తీసుకెళ్లింది. అప్పుడు ఆపి, ఎడమ చేతి వేళ్లతో తాడు వెనక్కు లాగడం మొదలుపెట్టింది. పూలు కట్టేటప్పుడు నార లాగే లాగుడే అది. చిన్నగా, చిన్నగా, ఒక బిగింపు, మళ్లీ చిన్నగా.

నీటి పైపొరలో బంగారు రంగు గీత ఒకటి కనబడింది. లాగినప్పుడు సన్నబడింది. ఆపినప్పుడు విచ్చుకుంది. గొంతు దగ్గర పారాణి మెరిసింది. ఎదురునీటిలో అది నిలబడి ఊపిరి పీలుస్తూ, అలసిపోయి, మళ్లీ ప్రయత్నిస్తున్న చిన్న చేపలా ఉంది. దొర రెండేళ్లుగా చెప్పలేకపోయింది అదేనని నాకు అప్పుడు తెలిసింది.

అత్త లాగడం మరిచిపోయింది.

"ఓలమ్మ," అంది. "బతికినాదిరా."

ఆ మాట పూర్తి కాకముందే ఖాళీ పీపా మీద అరచేత్తో కొట్టినట్టు ఠప్పుమని చప్పుడైంది. బంగారు గీత లేదు. అది ఉన్నచోట పళ్లెమంత సుడి తిరుగుతోంది. కర్ర వంగింది, కర్రకున్న తాడు చక్రం కీచుమంటూ తిరిగింది.

తర్వాత జరిగినవాటి వరుస నాకు సరిగ్గా గుర్తులేదు. ఇది నా వంటి మనిషి ఒప్పుకోవలసిన మాట కాదు గానీ, నిజం. చేప వాగు మధ్యలో నిలువెత్తున లేచింది, వెండి పొలుసు మీద ఎండ తగిలి కళ్లు చెదిరాయి. దొర రెండు చేతులూ చాపి కర్ర అందుకోబోయాడు. అత్త ఆయన వైపు చూడకుండానే "తొడాదీంగ, దొరా!" అని తమిళంలో కసిరింది, ముట్టుకోవద్దని. ఎస్టేటు మొత్తంలో దొరను కసిరిన మనిషి ఇంకొకరు నాకు తెలియదు. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

చేప తిరిగి పాత గుంజల వైపు ఉరికింది. ఇదివరకు రెండుసార్లూ తెంచుకున్నది అక్కడే. గేటు నీరు దాన్ని అటే తోస్తోంది. తాడు బిగిసి సన్నగా మోగింది. నాన్న ఎప్పుడు ఇటు తిరిగారో, గట్టు అంచుకు వచ్చి నిలబడి ఉన్నారు.

"తలుపు!" అత్త అరిచింది. "పక్ చిక్, తలుపు దించు! తుతుప్! తుతుప్!"

మూయమని ఆయన భాషలో. పక్ చిక్ గొలుసు వదిలాడు. తలుపు ధబాలున పడింది. గేటు బుస ఆగిపోయింది, వాగు ఒక్కసారిగా చప్పగా అయింది. తోసే నీరు లేక చేప గుంజలకు ఇవతలే తడబడింది. ఆ తడబాటులో అత్త నాలుగు అడుగులు వెనక్కి నడిచింది. చేప తల తిరిగింది. ఒకసారి తిరిగాక ఆమె దాన్ని మళ్లీ తిరగనివ్వలేదు. బిగించి, ఇచ్చి, బిగించి, బురద గట్టు దాకా తెచ్చింది.

దొర వల ఆ చేపకు చిన్నదైపోయింది. తల దూరింది గానీ నడుము దూరలేదు. గట్టు మీద నేను చెప్పులు విప్పేలోపు నాన్న బురదలోకి దిగిపోయారు. ఉతికి ఇస్త్రీ చేసిన పంచె, మర్నాటి ఊరేగింపు కోసం దాచి, ఆ పూట ఎందుకో కట్టుకు వచ్చినది, మోకాళ్లదాకా నల్లబడింది. సియాకాప్ మొప్పలు కత్తుల్లా కోస్తాయి. నాన్న తుండు చేతికి చుట్టుకుని, దవడ కింద వేళ్లు దూర్చి, ఆ చేపను రెండు చేతుల మీద ఎత్తుకుని గట్టెక్కారు.

"బెసార్, బెసార్," అంటున్నాడు పక్ చిక్, పెద్దది పెద్దదని. తోక్‌ను అంత దగ్గరగా ఆయనా ఎప్పుడూ చూడలేదు. నాన్న భుజం నుంచి వేలి కొస దాకా ఉంది.

అత్త చేపను చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని దాని నోరు తెరిపించి, పెదవి మూలన దిగిన కొక్కేన్ని వేలితో తడిమింది. ఒక ఈక చిరిగింది. పారాణి పసుపుకు తిరిగిపోయింది. ముడి ఉన్నచోట ఉంది. గోటితో దాన్ని గీకి చూసింది.

"ఊడనేదు," అంది నాన్నతో.

"ఊడనేదు," అన్నారు నాన్న.

ఆ కొక్కెం తనకిస్తే ఇంటికి తీసుకెళ్తానని దొర అడిగాడు, చాలా మర్యాదగా. అత్త కొంగు ముడిలోంచి కొత్త ఈకచేపలు గుప్పెడు తీసి ఆయన చేతిలో పోసింది. మీ ఊరి ముసలి చేపలకు మా పారాణి చూపించు అని చెప్పమంది. చిరిగినదాన్ని మాత్రం తన కొంగునే కట్టుకుంది.

ఆ సాయంత్రం చేప సగం బంగళాకు, సగంలో సగం పక్ చిక్ ఇంటికి పోయింది. మిగిలింది మా వాకిట్లో చింతపండు పులుసు అయింది. లైన్ల నుంచి ఎవరు వస్తే వాళ్లకు అమ్మ గిన్నెలో పోసింది. పడవలవాళ్లు కూడా వచ్చారు. ఒకడు పులుసు తాగుతూ, ఆ ఈకలేవో మాకూ కట్టి ఇస్తావా పిన్నీ అని అడిగాడు. అత్త అతన్ని కాసేపు చూసి, "కడతాను గానీ, పట్టుకెల్లినప్పుడు నా మొకం సూసి పట్టుకెల్లాల," అంది. వాడు నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి, తల ఊపాడు. నాన్న ఆ మాటలన్నీ గుమ్మంలో కూర్చుని విన్నారు. 

మర్నాడు పొద్దున మెర్దెకా. లైన్లలో ఉన్న ఒక్క రేడియో పెద్దగా పెట్టారు. గుడి ముందు అత్త ముందు రాత్రే కట్టిన మామిడాకుల తోరణం. పట్నంలో ఊరేగింపుకు మనుషుల్ని తీసుకెళ్లే లారీ కూత వేస్తోంది. దొర కారు తెల్లవారకముందే వెళ్లిపోయింది. ఉతికినా బురద పూర్తిగా వదలని పంచె మీద కోటు వేసుకుని, తలపాగా చుట్టుకుని, నాన్న చెప్పులు వేసుకున్నారు. అమ్మ నీళ్ల బిందె ఎత్తుకుని పెరటి వైపు సిద్ధంగా నిలబడింది. చెప్పుల చప్పుడు వినగానే అత్త చీపురు గోడకు ఆనించి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాన్న వాకిట్లో నిలబడిపోయారు. కదల్లేదు. లారీ మళ్లీ కూత వేసింది.

"సెల్లీ," అని పిలిచారు. "ఎక్కడున్నావే? ఎదురు రా."

వంటింట్లో గిన్నె ఏదో కిందపడింది.

"నీకు మతి పోనాదేటి అన్నియా? వదిన ఉన్నాది కాదేటి అక్కడ."

"నిన్నే అంటన్నాను. లారీ ఎల్లిపోతాది. రా."

పడిన గిన్నె ఎత్తిపెట్టిన చప్పుడైంది. తర్వాత ఆమె గొంతు వినబడింది, ఎప్పటిలాగే.

"ఎదురొచ్చేది సేపకోసమేటి, దేశం కోసమేటి?"

"రెంటికీ," అన్నారు నాన్న.

అమ్మ బిందెను వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్లి అందించింది. అత్త వెనక తలుపులోంచి బయటికి వెళ్లి, ఇల్లు చుట్టి, మెడ బోసిపోయిన మొక్కుపుంజును కాలితో పక్కకు జరిపి, వీధి వైపు నుంచి మా వాకిట్లోకి నడిచి వచ్చింది. బిందె పట్టుకున్న వేళ్లకు ఇంకా పసుపు ఉంది. నాన్న ఆమె ముఖం వైపు సూటిగా చూసి, కుడికాలు ముందు పెట్టారు.